పిట్లంలో సముద్రపు గుర్రం

మా ఊరి వాళ్ళకు తెలిసిన సాగరం ఒక్కటే, నిజాంసాగరు. మంజీర నది మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ఆ జలాశయం మా పిట్లానికి పొరుగునే ఉన్నది. మా నానమ్మ దాన్ని ఉత్త "సాగరు" అనే అంటుంది. కరువు ఏట నీళ్ళు అడుగంటితే "సాగరు ఎండింది" అంటుంది. "అసలు సముద్రం ఎండదు నానమ్మా" అని నేనొకసారి పుస్తకజ్ఞానం ఒలకబోస్తే, "నువ్వు చూసొచ్చినవారా?" అని అడిగింది.

నేను చూడలేదు. ఇరవై ఏళ్ళు వచ్చాయి. బి.యస్సీ.లో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఒబీలియా మొదలుకొని సముద్ర నక్షత్రం దాకా అన్నింటికీ బొమ్మలు గీసి, రంగు పెన్సిళ్ళు దిద్ది, రికార్డు మీద సంతకాలు చేయించుకున్నాను. సముద్రాన్ని మాత్రం ఈ కళ్ళతో ఇంతవరకు చూడలేదు. ఈ సంగతి మన సావనీరులో ఒప్పుకోవడానికి నాకేమీ సిగ్గులేదు. మన తరగతిలో లెక్కతీస్తే నాలాంటి వాళ్ళు చాలామందే తేలతారు.

2014 జూన్ 2 తరువాత మన రాష్ట్రానికి సముద్రతీరమే లేదు. పాఠ్యప్రణాళికలో మాత్రం సముద్రం ఎక్కడిదక్కడే ఉన్నది. ఉండాలి కూడా. ఎకైనోడెర్మేటా వర్గం సంగతే తీసుకోండి, అందులో ఒక్క జీవి కూడా మంచినీటిలో బతకదు. సముద్రం వద్దంటే ఒక వర్గానికి వర్గమే పుస్తకంలోంచి చించెయ్యాలి. మరి మనం ఏం చూసి నేర్చుకుంటున్నాం?

మన మ్యూజియం అలమారలో ఒక గాజుసీసా ఉన్నది. అందులో ఫార్మలిన్‌లో ఒక సముద్రపు గుర్రం. ఏ కాలంలో ఎవరు తెచ్చారో గాని, దాని రంగంతా పోయి ఉడకబెట్టిన పల్లికాయలాగా తయారయింది. ప్రాక్టికల్ పరీక్షలో దాన్ని స్పాటరుగా పెడతారు. మూడు నిమిషాలలో పేరు, వర్గం, రెండు లక్షణాలు రాసి, గంట కొట్టగానే పక్క బల్లకు జరగాలి. రికార్డులో బొమ్మ మాత్రం ఆ సీసాను చూసి ఎవరూ గీయరు. సీనియరు రికార్డు చూసి గీస్తాం. ఆయన తన సీనియరు రికార్డు చూసి గీశాడు. ఈ గురుపరంపరలో ఎవరో ఒక మహానుభావుడు తోకను గుండ్రంగా గీశాడు. ఆ గుండ్రం తరాలు దాటి నా రికార్డు దాకా వచ్చింది. దాని మీద సంతకం కూడా పడింది. ఆ గుండ్రం సంగతి కాస్త తరువాత చెబుతాను.

కొత్త సీసా కొనడానికి వీల్లేదు. సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఎంత రక్షణో, జానెడు లేని ఆ చేపకూ అంతే రక్షణ. పగడాలకు, సముద్రపు దోసకాయలకు కూడా అదే ఏడు ఆ రక్షణ దొరికింది. మరోపక్క ప్రయోగశాలల్లో జంతువుల కోతలు తగ్గించమని 2011లో యూజీసీ మార్గదర్శకాలు ఇచ్చింది, 2014లో ఆపమనే చెప్పింది. ఇవన్నీ మంచివే. కప్పను బల్లకు మేకులు కొట్టడం మానేసినందుకు సంతోషించే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అయితే కోత పోయిన చోట ఏమి వచ్చింది? తెర మీద బొమ్మ వచ్చింది. అది తిరుగుతుంది, రంగులు మారుతుంది, మనం చేతులు కట్టుకుని చూస్తాం.

నా వాదన ఒక్కటే. కోత పోయిన చోట చేత రావాలి. ప్రతి విద్యార్థీ ఒక జీవిని తన చేతులతో తీగతో, గుడ్డతో, దొరికినదానితో కట్టి చూడాలి. దానికి మార్కులు ఉండాలి. ఇది సరదాకు చెప్పే మాట కాదు. పోయిన ఎండాకాలం సెలవుల్లో నాకు పట్టిన గతి మీకు చెబితే తెలుస్తుంది.

మక్కచేనులో అడవిపందులు పడుతున్నాయని మా నాయిన కంచెకు జి.ఐ. తీగ చుట్ట తెచ్చి పెట్టాడు. మా వైపు ఆ తీగకు కరెంటు తగిలించేవాళ్ళు ఉన్నారు. పందుల కోసం పెట్టిన కరెంటుకు మనుషులు పోయిన వార్తలు పేపర్లో చూస్తూనే ఉంటాం. మా నాయిన ఆ పని చెయ్యడు, ఉత్త తీగే గుంజి, పాత చీరెలు కడతాడు. ఆ చుట్టలోంచి నేను రెండు గజాలు కత్తిరించాను. సాయంత్రానికి తెలిసిపోయింది. "గది పందులకు తెచ్చిన తీగరా, నీ గుర్రాలకు గాదు. డిగ్రీ చదివి బొమ్మలు జేసుకుంట కూసుంటవా? పొద్దుగూకింది, నీళ్ళు మళ్ళియ్యి పో" అన్నాడు. నీళ్ళు మళ్ళించి వచ్చి రాత్రి మళ్ళీ కూర్చున్నాను.

కంచె తీగ వెన్నెముకకు. ఉంగరాలకు, మా ఇంటి స్లాబు నాడు మిగిలిన బైండింగు వైరు. సముద్రపు గుర్రానికి మామూలు చేపలకున్నట్టు పొలుసులు ఉండవు. ఎముక పలకలు ఉంగరాలుగా పేర్చినట్టుంటాయి, వాటి మీద చర్మం బిగించి కప్పినట్టుంటుంది. తీగపని చేసేవాడికి ఇంతకంటె అనువైన ప్రాణి దొరకదనుకున్నాను. డ్రిప్పు పైపు మీద వైరు చుట్టి, ఉంగరాలు తీసి, వెన్నుకు కట్టాను. రికార్డులో ఉన్నట్టే గుండ్రంగా. చూడ్డానికి బాగానే ఉన్నది. కాని సముద్రపు గుర్రం తోకతో గడ్డిని పట్టుకుని వేలాడాలి గదా! నా గుర్రం తోకను వేపకొమ్మకు చుట్టబోతే ఉంగరాలు ఎటుపడితే అటు తిరిగి, ఒకదానిమీద ఒకటి ఎక్కి, తోకంతా జిలేబీ అయిపోయింది. కొమ్మను పట్టుకోనే లేదు. విడిస్తే మళ్ళీ సాపు కాలేదు.

మూడు రాత్రులు అదే పని. చివరకు విసుగొచ్చి, ఫోనులో ఒక మ్యూజియం వారి అస్థిపంజరం ఫొటో వెతికి పెద్దది చేసి చూశాను. తోక గుండ్రంగా లేదు. నాలుగు పలకలుగా ఉన్నది! గుమ్మం దూలంలాగా స్పష్టంగా నాలుగు అంచులు కనిపిస్తున్నాయి. మొండేనికేమో ఏడు అంచులు. ఆ సీసాను రెండేళ్ళు చూశాను, పరీక్షలో దాని మీద పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. దానికి తోక పలకలుగా ఉంటుందని నాకు తెలియదు. చేతులు తప్పు చేసేదాకా కళ్ళు చూడలేదు.

మరునాడు మా ఊరి వడ్లాయన దగ్గరికి పోయి, మూరెడు పొడుగుండి, నాలుగు పలకలుగా ఉండి, కొసకు పోను పోను సన్నబడే కట్టె చెక్కిమ్మన్నాను. "ఏ బండికి పటేలా ఇది?" అన్నాడు. సంగతి చెప్పాను. కాసేపు నవ్వి, తుమ్మకట్టెతో చెక్కిచ్చాడు. పైసలు తీసుకోలేదు. మన తూర్పు తీరంలోనూ దొరికే హిప్పోకాంపస్ కుడ అనే జాతికి మొండెంలో పదకొండు ఉంగరాలు, తోకలో ముప్పయ్యారుకు అటుఇటుగా ఉంటాయి. ఆ కట్టె మీద ముప్పయ్యారు చుట్లు చుట్టి కత్తిరించాను. తోకలో ఒక్కో ఉంగరం నిజానికి ఒకే ముక్క కాదు. నాలుగు మూలలకు నాలుగు మూలమట్టం ముక్కల్లాంటి పలకలు, ఒకదాని అంచు మరొకదాని మీద జారేటట్టు అమరి ఉంటాయి. ముడులు బిగించి కడితే తోక కదలదు. వదులుగా కట్టి, లోపల సైకిలు ట్యూబు పట్టీ లాగి పెడితే కదులుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అదంతా తెలియడానికి ఇంకో వారం పట్టింది. ఈసారి వేపకొమ్మకు చుడితే పలక అంచు కొమ్మకు ఆనుకుని కూర్చుంది. చిన్న కొమ్మే, కాని పట్టుకున్నది. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదంటే నవ్వకండి.

మిగతా పని త్వరగానే అయింది. తలకు రంపపు పొట్టు, చింతగింజల జిగురు కలిపిన ముద్ద. నిర్మల బొమ్మలు చేసేవారి పద్ధతి అది, వాళ్ళకు మొక్కి వాడుకున్నాను. వీపు మీది రెక్కకు కొత్త చొక్కా మీద వచ్చే పాలిథీను కాగితం. నిజం గుర్రం ఆ రెక్కను సెకనుకు ముప్పయి సార్లకు పైగా ఆడిస్తుంది, నాది గాలి వస్తే ఆడుతుంది. కంటికి గురిగింజ. (చిన్నపిల్లలున్న ఇళ్ళలో గురిగింజ వద్దు, విషం. తరువాత నేనూ తీసేసి గాజుపూస పెట్టాను.) కడుపు సంచీకి సైకిలు ట్యూబు, దాని లోపల పిల్లలకు బదులు ఆవాలు.

ఆ సంచీ దగ్గరే మా ఇంట్లో గొడవయింది. ఆడది గుడ్లు తెచ్చి మగదాని సంచీలో పెడుతుందని, మోసి కనేది మగదేనని చెప్పి, సంచీ నొక్కి ఆవాలు రాల్చి చూపించాను. నానమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మొగోడు కంటడా! గా సముద్రంల మంచిగనే ఉన్నదిరా న్యాయం" అన్నది. మా నాయిన అప్పటిదాకా అటు తిరిగి పండుకుని ఉన్నాడు. లేచి వచ్చి తోకను రెండుసార్లు చుట్టి విప్పి చూశాడు. "పలకలుంటెనే పట్టు ఉంటది. గుండ్రని పార కామ చెమట పట్టినంక చేతుల తిరగదా?" అన్నాడు. నేను నోరు తెరిచాను. రెండేళ్ళ నా చదువుకు, మూడు రాత్రుల నా కష్టానికి అందని సంగతి ఆయనకు పార కామ చెప్పింది. తీగ గురించి మళ్ళీ అడగలేదు.

సెలవులయ్యాక ఆ గుర్రాన్ని బస్సులో ఒడిలో పెట్టుకుని తెచ్చాను. దీనికి సగం టికెట్టా పూర్తి టికెట్టా అని కండక్టరు వేళాకోళం. కాలేజీలో చాలామంది బాగుందన్నారు. నేను గౌరవించే ఒక పెద్దాయన మాత్రం, "బాగుందయ్యా, కాని ఇది క్రాఫ్టు. సైన్సు కాదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

మైకేల్ పోర్టర్ అనే అమెరికా ఇంజనీరు, ఆయన తోటివారు 2015లో ‘సైన్స్’ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. సముద్రపు గుర్రం తోక పలకలుగా ఎందుకున్నది అన్నదే వాళ్ళ ప్రశ్న. దానికి వాళ్ళేం చేశారు? బొమ్మలు చేశారు. త్రీడీ ప్రింటరుతో రెండు తోకలు చేశారు, ఒకటి ఉన్నట్టుగా పలకలది, రెండోది గుండ్రటిది. రెండింటినీ నొక్కారు, మెలితిప్పారు, రబ్బరు సుత్తితో కొట్టి చూశారు. నొక్కితే పలకల తోకలోని ముక్కలు ఒకదాని మీద ఒకటి జారి దెబ్బను ఓర్చుకున్నాయి, మళ్ళీ తమ చోటికి వచ్చాయి. గుండ్రటిది అంత ఓర్చుకోలేదు. మెలితిప్పితే గుండ్రటిది ఎక్కువ తిరిగింది, పలకలది తక్కువ తిరిగి సులువుగా వెనక్కి వచ్చింది. పట్టు విషయంలోనూ పలకలదే పైచేయి, ఆనే జాగా ఎక్కువ కనుక. నిజం తోకను దాని వెడల్పులో సుమారు సగం దాకా అదిమినా శాశ్వతంగా చెడిపోదని అంతకు రెండేళ్ళ ముందే ఈ బృందం వారే చూపారు. పీతల డెక్కలకు, పక్షుల ముక్కులకు చిక్కే ప్రాణికి అది చిన్న రక్షణ కాదు.

గుండ్రటి ఉంగరాల తోక ఉన్న సముద్రపు గుర్రం ప్రకృతిలో లేదు. లేనిదాన్ని చేసి చూస్తేనే, ఉన్నది ఎందుకు అలా ఉన్నదో వాళ్ళకు తేలింది. నా జిలేబీ తోక కూడా అటువంటిదే. వాళ్ళు తెలిసి చేశారు, నేను తెలియక చేశాను. అది చిన్న తేడా కాదని నాకు తెలుసు. వాళ్ళు కొలిచారు, నేను కొలవలేదు. అయినా "క్రాఫ్టు, సైన్సు కాదు" అనే గీత ఎక్కడ గీయాలో ఆ పెద్దాయననే మళ్ళీ అడగాలని ఉన్నది.

ఇది కొత్త సంగతేమీ కాదు. లియొపోల్డ్ బ్లాష్కా, ఆయన కొడుకు రుడాల్ఫ్ అనే గాజు పనివాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలో జెల్లీచేపలు, సముద్రపు పూలు, ఆక్టోపస్‌లు వేల సంఖ్యలో చేసి ప్రపంచంలోని మ్యూజియంలకు, కాలేజీలకు పంపారు. అప్పటికి కారణం ఇప్పటి మన కారణమే. ఒంట్లో ఎముక లేని ప్రాణిని సారాయి సీసాలో వేస్తే రంగు పోతుంది, ఆకారం పోతుంది, ముద్ద మిగులుతుంది. గాజుతో పాటు సన్నని రాగి తీగ, జిగురు, కాగితం, రంగు అన్నీ వాడారు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం 1885లో వాళ్ళ దగ్గర వందల నమూనాలు కొన్నది. పాఠాలు చెప్పడానికే సుమండీ, అలంకారానికి కాదు. నాకు అన్నింటికంటె నచ్చిన సంగతి, వాళ్ళు ఉన్నది జర్మనీలో డ్రెస్డెన్ దగ్గర, సముద్రానికి దూరంగా. లియొపోల్డ్ 1853లో అమెరికా ప్రయాణంలో గాలి లేక ఓడ నిలిచిపోతే, రాత్రి నీళ్ళలో వెలిగే ప్రాణులను చూసి బొమ్మలు గీసుకున్నాడు. పది సంవత్సరాల తరువాత సముద్ర జీవులను గాజుతో చేయడం మొదలుపెట్టినప్పుడు ఎక్కువగా పుస్తకాల్లోని బొమ్మలే ఆధారం. తరువాత తరువాత ఇంట్లోనే ఉప్పునీటి తొట్లు పెట్టి, బతికున్న ప్రాణులను తెప్పించుకుని చూసి చేశారు.

పోనీ మనకు తీగపని రాదా అంటే, కరీంనగరు వెండి తీగపని ఏమయింది? రెండు సన్నని తీగలు మెలిపెట్టి, సాపు చేసి, నెమలిని చేస్తారు. 2007లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆదిలాబాదు ఓజాలు మట్టి అచ్చు మీద మైనపు దారాలు చుట్టి, దాని మీద ఇత్తడి పోస్తారు. చేతిలో ఇంత విద్య పెట్టుకుని, మన పిల్లలం పట్నంలో ఒక దుకాణానికి పోయి ఐదారు వందలకు థర్మోకోలు ఆక్టోపస్ కొని, కింద మన పేరు రాయించుకుని వస్తున్నాం. ఆ థర్మోకోలు చివరకు చేరేది ఏ నీళ్ళలోనో, ఎవరి కడుపులోనో చెప్పనక్కరలేదు.

ఆక్టోపస్ అంటే గుర్తొచ్చింది. నా గుర్రాన్ని చూసి హాస్టలు మిత్రుడొకడు ఆక్టోపస్ మొదలుపెట్టాడు. ఎనిమిది చేతులకు ఎనిమిది తీగలు. ఎంత చేసినా అది సాలెపురుగులాగానే నిలబడుతున్నది. రాత్రి పన్నెండింటికి ఇద్దరం కొట్లాడుకుని చివరకు తేల్చింది ఏమంటే, ఆక్టోపస్‌కు ముక్కు తప్ప ఒంట్లో గట్టిది లేదు, తీగ పెట్టడమే తప్పు. తీగలు పీకేసి సైకిలు ట్యూబులో నీళ్ళు నింపి రెండు కొసలూ కట్టాడు. పక్కల నుంచి నొక్కితే పొడుగు సాగింది. నీళ్ళు ఎటూ పోవు గనుక సన్నబడితే పొడుగు కావలసిందే. ఆక్టోపస్ చెయ్యి కండరాలతో చేసే పని అదే. మా ఇద్దరికీ ఆ పేజీ ఇక జన్మలో మరుపు రాదు. వాడి ఆక్టోపస్ మాత్రం ఇప్పటికీ ఏడు చేతుల దగ్గర ఆగి ఉన్నది, ఎనిమిదో ట్యూబు కారిపోయింది.

టైము ఎక్కడిదని అడుగుతారు. సెమిస్టరంటే నాలుగు నెలలు, అందులో సెలవులు, పరీక్షలు. నిజమే. అయితే రికార్డు రాయడానికి పట్టే రాత్రులన్నీ లెక్కవేయండి. ఇరవై బొమ్మలు కాపీ కొట్టే బదులు పది గీసి ఒకటి చేస్తే చాలు. ఇద్దరిద్దరు కలిసి చెయ్యవచ్చు. చేసినదాన్ని చూసి కాదు, ఎందుకు అట్లా చేశావని వైవాలో అడిగి మార్కులు వెయ్యాలి. అప్పుడు కొనుక్కొచ్చిన వాడు దొరికిపోతాడు. ఖర్చా? కిలో బైండింగు వైరు ఒక సినిమా టికెట్టంత. పాత ట్యూబులు, గోనెసంచులు, సుతిలితాడు మన ఊళ్ళలో కావలసినన్ని. చేసినవి అలమారలో బూజు పట్టించకుండా మన ఊరి బడులకు ఇచ్చేస్తే, పెట్టిన పైసకు రెండింతలు. నా గుర్రం సెలవులకు మా ఊరి బడికి పోతే, రెండు రోజుల్లోనే పిల్లలు ఆవాలన్నీ రాల్చేశారు. తోక మాత్రం తెగలేదు!

ఒక్క విషయంలో నా వాదన బలహీనమని నాకు తెలుసు. పుస్తకం చూసి చేసిన బొమ్మ పుస్తకంలోని తప్పును కూడా చేస్తుంది. నా గుండ్రటి తోకే దానికి సాక్ష్యం. బ్లాష్కాలు కూడా అందుకే చివరకు ఉప్పునీటి తొట్లు తెచ్చుకున్నారు. కనుక యూనియను వారికి నా మనవి రెండో భాగం ఇది: ఈ ఏటి స్టడీ టూరు విశాఖపట్నానికి పెట్టండి. పడవ షికారుకు, ఫొటోలకు కాదు, పోటు తగ్గిన వేళ రాళ్ళ సందుల్లో నిలిచిన నీళ్ళు చూడడానికి. ఏమీ తెంపకుండా, సీసాలో వేయకుండా, చూసి గీసుకుని వద్దాం. వచ్చాక మా నానమ్మకు జవాబు చెప్పవలసిన బాకీ ఒకటి నాకున్నది.

ఈలోగా నేను సముద్ర నక్షత్రం మొదలుపెట్టాను. దాని నాళికా పాదాలకు సైకిలు వాలుట్యూబు ముక్కలు రెండు వందలు, వాటి పైన బుడ్డలకు ఇంకు ఫిల్లర్ల రబ్బర్లు అన్నే కావాలి. ఇప్పటికి నలభై ఒకటి పోగయ్యాయి. మీ ఇళ్ళలో పాతవి ఉంటే పారెయ్యకుండా లాబ్ అటెండరు గారి దగ్గర ఇచ్చిపొండి, ఆయనతో చెప్పి ఉంచాను.